మూడో ఛార్జర్ కూడా అక్కడే తెగింది

ల్యాప్‌టాప్ రిపేరు బల్ల ముందు కూర్చునేవాళ్లకి ఛార్జర్ మీద పెద్దగా ఆసక్తి ఉండదు. పోయిందా, మల్టీమీటర్ పెట్టి చూశామా, కొత్తది ఇచ్చామా, అంతే. నేనూ ఏళ్లపాటు అలాగే చేశాను. ఒకే మనిషి, ఒకే మోడల్ ఛార్జర్, మూడోసారి కూడా అదే చోట తెగి వచ్చేసరికి మాత్రం చేతిలో పని పక్కన పెట్టి దాన్ని తిప్పి తిప్పి చూశాను. ఆ కేసు ఇది. మధ్యలో నేను కనిపెట్టేశాననుకున్న కారణం సగమే అని తర్వాత తేలింది. ఆ సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను.

వచ్చిన కంప్లయింట్

ఆవిడది అకౌంట్స్ పని. వారంలో సగం రోజులు సొంత ఆఫీసులో, మిగతా సగం క్లయింట్ల దగ్గర. అంటే ఛార్జర్‌ని దాదాపు రోజూ చుట్టి బ్యాగులో పెట్టాలి, మళ్లీ విప్పాలి. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ ఛార్జర్ గురించి అసలు మాట్లాడలేదు.

"ల్యాప్‌టాప్ బాగా స్లో అయిపోయిందండీ. ప్లగ్గు పెట్టే ఉంటుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. మదర్‌బోర్డు పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది."

ఆన్ చేయగానే ఛార్జర్ ఏ రకమో తెలియడం లేదని తెర మీద మెసేజ్ వచ్చింది. దాంతో నాకు సగం అర్థమైంది. ఆ ఛార్జర్‌ది లావుగా గుండ్రంగా ఉండే పిన్ను, మధ్యలో సన్నటి సూది. చాలామంది ఆ సూదిలోంచే కరెంటు వస్తుందనుకుంటారు. నిజానికి కరెంటు నడిచేది ఆ గొట్టం లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య. సూది పని వేరు. "నేను 65 వాట్ల ఛార్జర్‌ని" అని అడాప్టర్ డబ్బాలోని చిన్న చిప్పు ల్యాప్‌టాప్‌కి చెప్పుకునే దారి అది. ఆ కబురు అందకపోతే ల్యాప్‌టాప్‌కి అనుమానం వస్తుంది. బ్యాటరీకి ఛార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్ వేగం కూడా తగ్గించేస్తుంది. పైకి చూస్తే మెషిన్ మొరాయిస్తున్నట్టు ఉంటుంది. అసలు జబ్బు వైరులో.

కేబుల్ లోపల ఉండే మూడు దారుల్లో ఆ కబురు మోసే వైరు అన్నిటికంటే సన్నటిది. కాబట్టి ముందు తెగేది అదే. ఈ సంగతి తెలియక ఛార్జర్ మార్చాల్సిన చోట బోర్డు విప్పేసిన సందర్భాలు మా లైన్లో తక్కువేం కాదు. నేను వేరే ఛార్జర్ పెట్టి చూశాను. మెసేజ్ పోయింది, బ్యాటరీ ఎక్కింది. కొత్తది ఇచ్చి పంపేశాను. పాతది అట్టపెట్టెలోకి వెళ్లిపోయింది.

రెండోది కొన్ని నెలలకి నల్ల టేపు చుట్టుకుని వచ్చింది. మల్టీమీటర్ పెట్టి వైరుని అటూ ఇటూ కదిలిస్తే 19.5 వోల్టులు, సున్నా, మళ్లీ 19.5. దీపావళి లైట్లలా మినుకు మినుకు. లూజ్ కాంటాక్ట్. మళ్లీ కొత్తది.

మూడోసారి కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడు లోపలికి కేకేశాడు. "అన్నా, ఆ అకౌంట్స్ మేడమ్ ఛార్జర్. మళ్లీ."

ఈసారి దాచడానికి టేపు కూడా లేదు. పైతొడుగు పగిలి రాగి కనబడుతోంది. ఆవిడ మొహంలో కోపం, మొహమాటం రెండూ ఉన్నాయి. "ఈ కంపెనీ ఛార్జర్లే ఇంతా, లేక నా చేతిలోనే ఏమన్నా ఉందా?" అని అడిగారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అదే మోడల్ ఛార్జర్ ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా వాడుతున్నవాళ్లు నాకు తెలుసు. ఇక మిగిలింది ఆవిడ అడిగిన రెండో ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు.

కోసి చూస్తే

ఆ సాయంత్రం అట్టపెట్టెలోంచి పాత రెండూ తీసి, మూడింటినీ బల్ల మీద వరసగా పెట్టాను. మూడింటికీ గాయం ఒకే చోట. డబ్బాలోంచి వైరు బయటికొచ్చే దగ్గర గాట్లు గాట్లుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. మేం స్ట్రెయిన్ రిలీఫ్ అంటాం. వైరు ఒక్కసారిగా మడత పడకుండా మెల్లగా వంగేలా చూడటం దాని పని. ఆ గొట్టం ఎక్కడ అయిపోతుందో సరిగ్గా అక్కడే, వేలి వెడల్పు కూడా తేడా లేకుండా, మూడూ తెగాయి.

బ్లేడుతో నిలువుగా చీరాను. పైన నల్లటి తొడుగు. దాని కింద వెంట్రుకల్లాంటి రాగి పోగులు లోపలి భాగం చుట్టూ అల్లుకుని ఉంటాయి. నెగెటివ్ అదే. దాని లోపల ఇంకో తొడుగు, అందులో పాజిటివ్ పోగులు, పక్కనే దారం లాంటి మూడో వైరు. మొదటి ఛార్జర్లో ఆ దారం ఒక్కటే తెగింది, మిగతావి బాగానే ఉన్నాయి. మూడోదాంట్లో బయటి పోగులు సగానికి పైగా తెగి, అరిగిపోయిన చీపురు కొసలా విచ్చుకున్నాయి. కొన్ని కొసలు నల్లబడ్డాయి. పోగులు తెగేకొద్దీ మిగిలిన నాలుగైదు పోగుల మీదే మొత్తం కరెంటు పడుతుంది. 65 వాట్ల ఛార్జర్లో అది మూడు ఆంపియర్ల పైమాటే. అవి వేడెక్కుతాయి, వేడికి తొడుగు పెళుసు బారుతుంది, పెళుసుబారిన తొడుగు పగులుతుంది.

(నేను కోసింది వైరుని మాత్రమే. డబ్బాని ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లో కరెంటు కాసేపు నిలవుండొచ్చు.)

రెండోది ఇంకో పాఠం చెప్పింది. టేపు చుట్టిన చోట లోపల ఒక తెగుడు, టేపు అయిపోయిన చోట ఇంకో తెగుడు. టేపు చుడితే ఆ భాగం బిరుసెక్కుతుంది. వంగాల్సింది వంగక మానదు కదా, వంపు అంగుళం ముందుకు జరుగుతుంది అంతే. బాల్‌పెన్ను స్ప్రింగు తీసి వైరుకి చుట్టే చిట్కాదీ ఇదే కథ. స్ప్రింగు మధ్యలో బాగానే కాపాడుతుంది, చివర్ల దగ్గర తీగ కొస తొడుగులోకి దిగుతుంది. పిన్ను వైపు అయితే లోహపు స్ప్రింగు అస్సలు వద్దు.

చుట్టి చూపించమన్నాను

మర్నాడు ఆవిడ వచ్చినప్పుడు నాలుగో ఛార్జర్ చేతికిచ్చి, "మేడమ్, మీరు ఇంటికెళ్లేటప్పుడు రోజూ ఎలా సర్దుకుంటారో అలాగే ఒకసారి చుట్టండి" అన్నాను. అడగాల్సిన పని మొదటిసారే అడిగి ఉంటే రెండు ఛార్జర్లు మిగిలేవి.

చాలా శుభ్రంగా చుట్టారు. అదే సమస్య. డబ్బాని ఎడమ చేతిలో పట్టుకుని, వైరు బయటికొచ్చే చోటే మొదలుపెట్టి, వరస తప్పకుండా, ఒకదాని పక్కన ఒకటి బిగువుగా డబ్బా చుట్టూ చుట్టుకుంటూ వెళ్లారు. చివర్లో పిన్నుని ఆఖరి చుట్టు కిందికి దోపారు. చూడటానికి దారపు ఉండలా ముచ్చటగా ఉంది. మొట్టమొదటి మలుపు ఆ గాట్ల రబ్బరుని అడ్డంగా విరిచినట్టు వంచింది.

అక్కడే కాగితం మీద లెక్క వేసి చూపించాను. డబ్బా వెడల్పు 5 సెంటీమీటర్లు, మందం 3 అనుకుంటే, ఒక చుట్టుకి 16 సెంటీమీటర్ల వైరు పడుతుంది. వైరు పొడవు 1.8 మీటర్లు. అంటే 11 చుట్లు. ఒక్కో చుట్టులో నాలుగు మూలలు. మొత్తం 44 మడతలు, అదీ రోజూ దాదాపు అవే చోట్ల. అదే వైరుని డబ్బాతో పని లేకుండా 15 సెంటీమీటర్ల వెడల్పున్న వలయాలుగా చుడితే నాలుగు చుట్లు కూడా పూర్తి కావు, మూల అన్నది ఒక్కటీ ఉండదు.

ఆవిడ కాగితం వంక చూసి, "మరి వలయాలు విడిపోవా? బ్యాగులో అంతా చిక్కు పడిపోదూ?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఆవిడ చేతిలోనే ఉంది.

పారేసే పట్టీ అనుకున్నది

ఆ ఛార్జర్ వైరుకి డబ్బా నుంచి బెత్తెడు దూరంలో నల్లటి వెల్క్రో పట్టీ ఉంది. ఒక కొసన చిన్న చీలిక, ఆ చీలికలోంచి పట్టీని దూర్చి వైరుకి బిగించారు. కొత్త ఛార్జర్ పెట్టెలోంచి తీసినప్పుడు దాన్ని మడిచి తనకి తనే అంటించి ఉంటుంది, నలుపు మీద నలుపు. పక్కనే ప్లాస్టిక్ పూతేసిన తీగ ముక్కతో వైరు కట్టేసి ఉంటుంది. ఆ తీగ ముక్క ప్యాకింగే, పారేయాల్సిందే. పట్టీ కూడా ప్యాకింగే అనుకుని చాలామంది కత్తెరతో కత్తిరించేస్తారు. లేదా ఈవిడలా, అది ఉందని కూడా చూడరు. పాత మూడింటి పట్టీలూ వచ్చినప్పటి మడత మీదే ఉన్నాయి. ఒక్కటీ తెరిచిన గుర్తు లేదు.

"ఇది ఉండేదేనా? నేను లేబుల్ అనుకున్నాను" అన్నారు ఆవిడ.

తప్పు ఆవిడది అనను. దాని మీద ఏమీ రాసి ఉండదు. బొమ్మల కాగితంలో కరెంటు షాకు గురించి, నీళ్ల గురించి పదిసార్లు చెబుతారు, పట్టీ గురించి చెప్పిన కాగితం నాకైతే ఇంతవరకు తారసపడలేదు. డిజైన్ చేసినాయన మాత్రం ఆలోచించే పెట్టాడు. అది డబ్బాకి ఆనుకుని ఉండదు, కాస్త ఎడంగా ఉంటుంది. నా లెక్కలో దాని అర్థం, చుట్టడం ఇక్కడి నుంచి మొదలుపెట్టు, ఈ బెత్తెడూ వదిలెయ్ అని. ఆ వదిలేసిన బెత్తెడే మూడుసార్లు తెగిన చోటు.

చుట్టే పద్ధతి కూడా చూపించాను. మామూలుగా మనం అరచేతికీ మోచేతికీ మధ్య గబగబా చుట్టేస్తాం. అలా చుట్టిన ప్రతి చుట్టుకీ వైరులో ఒక పూర్తి మెలిక పడుతుంది. విప్పినప్పుడు పాములా లుంగలు చుట్టుకుపోయేది అందుకే. స్టేజీల మీద మైకు కేబుళ్లు చుట్టేవాళ్లని గమనించండి. ఒక వలయం మామూలుగా వేస్తారు, తర్వాతి వలయానికి మణికట్టు లోపలికి తిప్పి వైరుని కిందనుంచి తెస్తారు. మొదటిదాని మెలికని రెండోది విప్పేస్తుంది. కేబుల్ కొస పట్టుకుని విసిరితే చిక్కు లేకుండా నేరుగా పరుచుకుంటుంది. మన వైరుకి మూడు నాలుగు వలయాలే కాబట్టి ఒక్క నిమిషంలో చెయ్యి అలవాటు పడుతుంది. ఆవిడకి మూడో ప్రయత్నంలో వచ్చేసింది. నాకు వారం పట్టింది, అది వేరే విషయం.

ఇంకొకటి. గోడ సాకెట్టుకి వెళ్లే వైరు డబ్బాలోంచి ఊడొస్తుందని ఆవిడకి తెలియదు. మూడు రంధ్రాల ఆకు ఆకారపు ప్లగ్గు అది, లాగితే వస్తుంది, కాకపోతే కొత్తలో కాస్త గట్టిగా ఉంటుంది. దాన్ని ఊడదీసి విడిగా చుడితే రెండు చిన్న చుట్టలు అవుతాయి, బ్యాగులో బల్లపరుపుగా పడుకుంటాయి. ఊడదీయకుండా రెండు వైర్లనీ కలిపి డబ్బా చుట్టూ బిగిస్తే, బ్యాగు మూతి మూసినప్పుడల్లా ఆ ప్లగ్గు డబ్బాలోని సాకెట్టుని పక్కకి తన్నుతుంది.

రెక్కలు, యోయో, ఇంకా కొన్ని

ఈ కేసు తర్వాత బల్ల మీదకి వచ్చిన ప్రతి ఛార్జర్‌నీ ఈ కంటితో చూడటం అలవాటైంది. వైరు సర్దుకోవడానికి తయారుచేసినవాళ్లు ఎన్ని ఏర్పాట్లు చేశారో, మనం ఎన్ని చూడకుండా వదిలేస్తామో అప్పుడు తెలిసింది.

ఆపిల్ వాళ్ల 1999 నాటి ఐబుక్‌తో వచ్చిన అడాప్టర్ గుండ్రంగా యోయో బొమ్మలా ఉండేది. రెండు బిళ్లల మధ్య గాడి, వైరు అందులోకే చుట్టుకోవాలి. ఆ తర్వాతి తెల్ల చదరపు అడాప్టర్లకి ఒక అంచున రెండు చిన్న రెక్కలు ఉండేవి, గోటితో లేపితే బయటికొచ్చేవి. వైరుని ఆ రెక్కల మీద చుట్టి, వైరు కొస దగ్గరున్న బుల్లి క్లిప్పుని చివరి చుట్టుకి తగిలిస్తే విడిపోదు. ఆ క్లిప్పు ఎందుకో తెలియకుండా ఏళ్లు వాడినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. ఒకాయనైతే అది విరిగిన ముక్క ఏదో అనుకుని ఊడబెరికాడు. 2015లో 12 అంగుళాల మాక్‌బుక్‌తో యూఎస్‌బీ-సీ అడాప్టర్ వచ్చాక ఆ రెక్కలు పోయాయి.

రెక్కలు పోయినందుకు బాధపడేవాళ్లు చాలామంది. నాకు వాటి మీద ఒక ఫిర్యాదు ఉంది. వైరు బయటికొచ్చేది ఆ రెండు రెక్కల మధ్యలోంచే. రెక్క కనబడగానే చెయ్యి నేరుగా వైరుని దాని మీదకి లాగేస్తుంది, మొదటి మలుపే లంబకోణం. ముందు చిన్న లూపు వదులుగా వదిలి, అప్పుడు రెక్క మీదకి తీసుకెళ్లేవాళ్ల వైరు బతికింది. మిగతావాళ్ల తెల్ల వైరు డబ్బా మొదట్లో పసుపు పచ్చగా మారి, ముడతలు పడి, పగిలింది. మన అకౌంట్స్ మేడమ్ చేసింది ఏ రెక్కలూ లేని డబ్బా మీద ఇదే పని.

వైరు మీద, పిన్నుకి కాస్త ఇవతల కొన్నిటికి ఒక లావుపాటి గుండ్రటి ముద్ద ఉంటుంది. దాన్ని బరువు కోసం పెట్టారని కొందరు, వైరు పట్టుకుని లాగడానికి పిడి అని కొందరు అనుకుంటారు. అది ఫెరైట్ దిమ్మ. ఎక్కువ ఫ్రీక్వెన్సీ విద్యుత్ రొదని (చెవికి వినబడేది కాదు) వైరులోనే అణిచేయడానికి ఉంది, సర్దుకోవడంతో దానికి సంబంధం లేదు. దాని రెండు చివర్లూ బిరుసు కాబట్టి అక్కడ మడత పెట్టకుండా ఉంటే చాలు.

ఎల్ ఆకారపు పిన్నుల సంగతి కూడా చెప్పాలి. గుండ్రటి పిన్ను ఏ వైపుకైనా తిరుగుతుంది. వైరుని ల్యాప్‌టాప్ వెనక వైపుకి తిప్పి పెడితే అది బల్ల వెనక్కి జారిపోతుంది, చేతికి అడ్డం రాదు. ముందుకి తిప్పి పెట్టి, మౌసు తగిలినప్పుడల్లా తోసుకుంటూ పనిచేసేవాళ్లే నాకు ఎక్కువ కనబడతారు. యూఎస్‌బీ-సీ ల్యాప్‌టాప్‌లలో రెండు పక్కలా ఛార్జింగ్ తీసుకునేవి ఉన్నాయి. సాకెట్టు కుడివైపు ఉన్నా అలవాటుగా ఎడమ పోర్టులోనే పెట్టి, వైరుని తెర వెనకనుంచి చుట్టూ తిప్పి లాగి కట్టేవాళ్లకి ఆ సంగతి చెబితే మొహం వెలిగిపోతుంది.

డబ్బా మీద లైటు, పిన్ను మీద లైటు రెండూ ఉన్న ఛార్జర్లు ఉంటాయి. డబ్బా మీద వెలిగి పిన్ను మీద వెలగకపోతే తెగింది మధ్యలో వైరు. మల్టీమీటర్ అక్కర్లేదు.

తప్పిన సగం

నాలుగో ఛార్జర్ ఇచ్చి పంపాక నేను చాలా సంతోషంగా ఉన్నాను. కారణం దొరికింది, మందు ఇచ్చాను, ఇక రాదు అని కుర్రాడితో గొప్పగా చెప్పాను కూడా.

మూడు నెలల తర్వాత ఆవిడ వచ్చారు. ఈసారి కీబోర్డు పని. ఛార్జర్ కూడా తెచ్చారు. చక్కగా వలయాలుగా చుట్టి, వెల్క్రో పట్టీ వేసి ఉంది. చూసి ముచ్చటపడి, అలవాటుగా గాట్ల రబ్బరు దగ్గర వేలితో తడిమాను. వేలు ఆగిపోయింది. రబ్బరు ఒక పక్కకి వంగిపోయి ఉంది, వదిలినా నిటారుగా రావడం లేదు. గాట్ల మధ్య తెల్లటి గీతలు. ఇంకా పగల్లేదు కానీ దారి అదే.

ఆవిడ నేను చెప్పినట్టే చుడుతున్నారు. మరి వంచుతున్నదెవరు? చుట్టిన మడత అయితే నలువైపులా ఎంతో కొంత అరుగుదల ఉండాలి. ఇక్కడ వంపు ఒకే వైపుకి ఉంది. రోజంతా ఒకే దిక్కుకి లాగుతున్న బరువు ఏదో ఉన్నట్టు.

"మేడమ్, మీ ఆఫీసు బల్ల ఒక ఫోటో తీసి పంపిస్తారా? పైన కాదు, కింద. ప్లగ్గు ఎక్కడ పెడతారో కనబడేలా."

ఫోటో చూశాక నాకు సిగ్గేసింది. సాకెట్టు గోడకి బల్ల ఎత్తులో ఉంది. సాకెట్టు వైరు పొట్టిది, అడాప్టర్ డబ్బా నేలని చేరదు, బల్ల మీదకీ రాదు. గోడకీ బల్లకీ మధ్య గాల్లో వేలాడుతోంది. ఒక వైపు సాకెట్టు వైరు, ఇంకో వైపు ల్యాప్‌టాప్ వైరు, మధ్యలో డబ్బా. సాకెట్టు వైపు ప్లగ్గు బిరుసుగా ఉంటుంది కాబట్టి డబ్బా అటు తిరగదు. బరువు దించుకోవడానికి మిగిలింది ఆ గాట్ల రబ్బరు ఒక్కటే. ఎవరైనా కుర్చీ జరిపితే డబ్బా ఊగుతుంది. ఎనిమిది గంటల పాటు, పని దినాలన్నీ.

చుట్టేటప్పుడు పడే మడత నిమిషం పని. వేలాడటం రోజంతా జరిగే పని. నేను మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని అడగనే లేదు. బల్ల ముందుకి వచ్చిన వస్తువునే చూశాను, అది బతికే చోటు చూడలేదు.

పరిష్కారం మళ్లీ ఆ పట్టీ దగ్గరికే తీసుకొచ్చింది. ఆ రకం వెల్క్రో పట్టీని కొంచెం వదులు చేస్తే వైరు మీద జరుగుతుంది. కావాల్సిన చోటికి జరుపుకోవచ్చన్న సంగతి నాకే అప్పటిదాకా తట్టలేదు. సాకెట్టు వైరుని కాస్త పొడవైనదానితో మార్పించాను. ఊడొచ్చే వైరు కాబట్టి డబ్బా జోలికి పోనక్కర్లేదు, అదే రకం ప్లగ్గు, సరిపడా రేటింగు ఉంటే చాలు. డబ్బా నేల మీదకి దిగింది. పట్టీని వైరు మీద బల్ల ఎత్తుకి జరిపి, బల్ల కాలుకి చుట్టించాను. పైన ల్యాప్‌టాప్‌కి కావాల్సినంత వదులు, కింద డబ్బా దగ్గర ఇంకొంచెం వదులు. ఎవరి కాలైనా తగిలినా ఆ లాగుడు బల్ల కాలు దగ్గర ఆగిపోతుంది. పిన్ను దాకా, డబ్బా దాకా పోదు. ఇంటికెళ్లేటప్పుడు పట్టీ విప్పి, వెనక్కి జరిపి, చుట్టకి వేసుకోవాలి. ఒక్క పట్టీతో రెండు పనులు.

ఒక చిన్న అభ్యంతరం ఆవిడే లేవనెత్తారు. మిగిలిన వైరుని డబ్బా మీదే చుట్టగా పెట్టి ఉంచొచ్చా అని. వద్దన్నాను. ఛార్జింగ్ అవుతున్నప్పుడు డబ్బా వేడెక్కుతుంది, ఆ వేడి గాల్లోకి పోవాలి. దాని మీద వైరు పరుపు పరిస్తే రెండిటికీ చేటు.

ఆ తర్వాత

నా పద్ధతిలో రెండు మార్పులు వచ్చాయి. కొత్త ఛార్జర్ ఎవరికి ఇచ్చినా ముందు ప్యాకింగ్ తీగ నేనే తీసి పారేస్తాను, పట్టీ ఉంటే తెరిచి చూపిస్తాను, ఒకసారి వాళ్ల చేతే చుట్టిస్తాను. కొందరు నవ్వుతారు, ఫర్వాలేదు. తెగిన ఛార్జర్ వస్తే తెగిన చోటుని చూసి ప్రశ్న వేస్తాను. డబ్బా మొదట్లో తెగితే, ఎలా చుడతారు, ప్లగ్గు పెట్టినప్పుడు డబ్బా ఎక్కడ కూర్చుంటుంది అని రెండూ అడుగుతాను. పిన్ను దగ్గర తెగితే, ఒళ్లో పెట్టుకుని వాడతారా, వైరు పట్టుకుని పీకుతారా అని. మధ్యలో ఎక్కడో నలిగితే కుర్చీ చక్రమో, తలుపు సందో, పెంపుడు కుక్కో. కుక్క అయితే వాళ్లే ముందు చెప్పేస్తారు.

అందరూ వింటారని కాదు. ఇంత చెప్పాక కూడా మోచేతికి చుట్టుకుంటూ నా ముందే బయటికి వెళ్లినవాళ్లు ఉన్నారు.

ఆవిడ నాలుగో ఛార్జర్ ల్యాప్‌టాప్ మార్చేదాకా నడిచింది. గాట్ల రబ్బరు వంపు పూర్తిగా పోలేదు, ఇంకా ముదరలేదు కూడా. కొత్త ల్యాప్‌టాప్ యూఎస్‌బీ-సీది. ఛార్జర్ డబ్బా వేరు, కేబుల్ వేరు, రెండు కొసలా ఊడొస్తుంది. ఇక కేబుల్ తెగితే కేబుల్ ఒక్కటే మార్చుకోవచ్చు, డబ్బా పారేయక్కర్లేదు. వైరు విషయంలో ఇన్నేళ్లలో వచ్చిన అసలైన మార్పు ఇదే అంటాను. అయితే మార్చుకునేటప్పుడు ఒక మెలిక ఉంది, ఆవిడకి చెప్పాను. పైకి కేబుళ్లన్నీ ఒకేలా ఉంటాయి. మామూలు కేబుల్ 3 ఆంపియర్ల దాకానే మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. 65 వాట్ల ఛార్జర్ పూర్తి బలం ఇవ్వాలంటే లోపల గుర్తింపు చిప్పు ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. ఫోనుతో వచ్చిన సన్నటి కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఎక్కుతోందని మళ్లీ నా దగ్గరికి రావద్దు అన్నాను. నవ్వారు.

కేబుల్ చేతిలోకి తీసుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేళ్లతో జార్చి చూశారు.

"దీనికి పట్టీ లేదేంటండీ?"

నిజమే, లేదు. ఆవిడ బ్యాగులోంచి పాత ఛార్జర్ తీసి, చీలికలోంచి వెల్క్రో పట్టీని మెల్లగా వెనక్కి లాగి ఊడదీసి, కొత్త కేబుల్‌కి బిగించుకున్నారు. అడాప్టర్ వైపు నుంచి బెత్తెడు వదిలి.